ఊట మీద గుడారాలు

ఆ వేసవంతా నా పని చీర పట్టుకుని నిలబడటం.

పాత నూలు చీర ఒకటి ఇచ్చారు. రెండు చెట్ల మధ్య దాన్ని చాపి పట్టుకుని నేను అటు తిరిగి నిలబడితే, వెనకాల ఆ అమ్మాయిలు పని కానిచ్చుకునేవారు. పట్నాల నుంచి వచ్చినవాళ్లు ఐదుగురు ఆడవాళ్లు, ఏడుగురు మగవాళ్లు. అడవిలో ఏమీ లేకుండా మనిషి ఎన్నాళ్లు ఉండగలడో చూపించే పోటీ అట, టీవీలో వస్తుందట. వాళ్లకి వండిన తిండి ఉండదు, పక్క ఉండదు, సబ్బూ పేస్టూ ఉండవు. చివరిదాకా నిలిచినవాళ్లు గెలిచినట్టు. ఆ పన్నెండుమంది ఏమీ లేకుండా బతకడాన్ని కెమెరాల్లో తియ్యడానికి ఎనభైమంది దాకా వచ్చారు. వీళ్లకి మాత్రం గుడారాలు, వంటవాళ్లు, జనరేటరు, ఐసు పెట్టెలు అన్నీ ఉన్నాయి.

మా ఊరు సీకాయిపుట్టు. జి.మాడుగుల దాటాక జీపు దిగి కాఫీ తోటల్లోంచి నడిచి రావాలి. ఊరి వెనక కొండ సగంలో ఒక ఊట ఉంది. దాని కింద సిమెంటు తొట్టి కట్టి, గొట్టం వేసి, ఊళ్లో కుళాయి పెట్టారు. మోటారు లేదు, కరెంటుతో పని లేదు. వాలుకి నీళ్లు వాటంతట అవే దిగి వస్తాయి. తాగినా వండినా పిల్లల్ని కడిగినా అవే నీళ్లు. మేం చెంబు పట్టుకుని ఎప్పుడు వెళ్లినా ఊరి దిగువ వాలుకే వెళ్తాం. ఊటకి ఎగువన ఉమ్మి కూడా వెయ్యం. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు. చిన్నప్పుడు అటు వెళ్తే ఎవరి తల్లయినా ఎవరి పిల్లనయినా కొట్టేది.

ఆ ఊటకి ఎగువన ఉన్న చదును నేల మీదే గుడారాలు వేస్తామన్నారు. జీపులు వచ్చేందుకు కాఫీ తోటల రోడ్డు కొండని చుట్టుకుని అక్కడిదాకా పోతుంది మరి.

మా అత్త యర్రమ్మ ఒప్పుకోలేదు.

“ఊట నెత్తి మీద అంతమంది కూకుంతే ఏటవుతాదిరా?” అంది కొడుకుని.

ఆవిడ కొడుకు, నా భర్త బుధు, ఆ టీవీ కంపెనీకీ ఊరికీ మధ్య మాట్లాడిన మనిషి. విశాఖపట్నంలో తాపీ మేస్త్రీ దగ్గర పనిచేసి వచ్చినవాడు. పట్నం వాళ్లతో వాళ్లలాగే మాట్లాడగలడు. వాళ్లు ఆయనకి ఒక టోపీ ఇచ్చి, లోకల్ కోఆర్డినేటర్ అన్నారు. ఆ టోపీ ఆయన ఇంట్లో కూడా తియ్యలేదు కొన్నాళ్లు.

“కొండకి అవతల పక్క గోతులు తీత్తారమ్మా. నానే దగ్గరుండి తీయిత్తాను. ఒక్క సుక్క ఇటు రాదు,” అన్నాడు.

“నువ్వుంతావా అక్కడ?”

“నానుంతాను.”

“అయితే సరే,” అంది అత్త. ఆవిడ సరే అంటే ఊరు సరే అన్నట్టే.

మొదట్లో నాకు వింతగానే ఉండేది. పొద్దున్నే పన్నెండుమందిని వరసగా కూర్చోబెట్టి, వేపపుల్లలు ఇచ్చి, పళ్లు తోముతుంటే తీసేవారు. కెమెరా ఆగగానే ఒకరిద్దరు పొదల చాటున దాచుకున్న పేస్టు నోట్లో వేసుకునేవారు. ఒకతను కడుక్కోడానికి నీళ్లు లేక ఆకులు కోసుకుంటే, అందులో దూలగొండి కలిసింది. అతను అరుస్తూ గెంతుతుంటే అందరూ పడీ పడీ నవ్వారు. అరుపు సరిగ్గా పడలేదని అతని చేత మళ్లీ అరిపించారు. నేనూ నవ్వాను.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ల జాకెట్లకి చిన్న మైకులు గుచ్చి ఉండేవి. ఎక్కడికి వెళ్లినా వాటిని తియ్యకూడదని నియమం. నేను చీర పట్టుకున్నప్పుడు కూడా అవి ఉండేవి. గాయత్రి అని విజయవాడ అమ్మాయి ఒకామె ఉండేది. కాలేజీలో ఆటలు నేర్పేదట. వెనకాలనుంచి గుడ్డ రాపిడి వినిపించేది, ఆమె మైకుని గుప్పిట్లో బిగించి పట్టుకునేదని తర్వాత తెలిసింది. ఒకనాడు యాంకరు కెమెరా ముందే ఆమెని అడిగాడు, “మూడు రోజులుగా మీరు అటువైపు వెళ్లలేదట, ఏంటి సంగతి?” అని. అందరూ నవ్వుతుంటే ఆమె కూడా నవ్వింది. ఆరోజు నుంచి అడవిలో తవ్వుకున్న దుంపలు తినడం కూడా మానేసింది.

“తినకపోతే ఎలాగమ్మా?” అన్నాను చీర మడతపెడుతూ.

“తింటే వెళ్లాలి కదా,” అంది.

మిగతా ఎనభైమందికి పచ్చ గుడ్డ కట్టిన చిన్న గదులు నాలుగు ఉండేవి. లోపల కన్నం ఉన్న కుర్చీ, దాని కింద బకెట్టు. బకెట్లు ఎత్తి అవతల పక్క గోతుల్లో పొయ్యడానికి మైదానం నుంచి ఇద్దర్ని తెచ్చారు. వాళ్లు కొన్నాళ్లు చేసి, కాంట్రాక్టరుతో తగువాడి ఒక పొద్దున్న కొండ దిగిపోయారు. ఆ రోజంతా ఆ పచ్చ గదుల దగ్గర నిలబడలేకపోయాం. మర్నాటికి మాత్రం బకెట్లన్నీ ఖాళీ.

“ఎవర్ని పెట్టారు సార్?” అని మేనేజరు దేవీప్రసాద్‌ని అడిగాను.

“దొరికాడులే ఒకడు. నీ చీర పని నువ్వు చూసుకో,” అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా.

అప్పటి నుంచే బుధు ఇంటికి స్నానం చేసి రావడం మొదలుపెట్టాడు. సాయంత్రం గుమ్మంలోకి వచ్చేసరికే తల తడిగా ఉండేది, ఒంటినుంచి క్యాంపు సబ్బు వాసన వేసేది. వెన్నెల, మా నాలుగేళ్ల గుంట, పరిగెత్తుకెళ్లి కాళ్లకి చుట్టుకుంటే ఎత్తుకునేవాడు కాదు. “అలిసిపోనానమ్మా” అని పక్కకి జరిగేవాడు. కంచంలో అన్నం కెలికి వదిలేసేవాడు. అరచేతులు నానిన గుడ్డల్లా తెల్లబడి, చర్మం పొరలుగా లేస్తుండేది.

“సున్నం పని పెట్టారేటిరా నీ సేత?” అంది అత్త.

“ఆఁ,” అన్నాడు.

నేను వేరేగా అనుకున్నాను. మేకప్పు వేసే అమ్మాయిలు అక్కడ ముగ్గురు ఉన్నారు. సబ్బు వాసన గురించి, ఎత్తుకోకపోవడం గురించి నా మనసు అటే పోయింది. అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఈలోగా ఊళ్లోకి ఈగలు దిగాయి. మామిడి పళ్ల కాలంలో ఈగలు మామూలే. కాని ఇవి పెద్దవి, నీలంగా మెరిసేవి, తోలితే లేచేవి కావు. గాలి వీచిన రోజు కొండ మీదనుంచి పచ్చ గదుల్లో వాడే తెల్ల కాగితాలు కొన్ని ఎగిరొచ్చి చిక్కుడు పాదుల మీద పడ్డాయి. పిల్లలు వాటితో ఆడుకుంటుంటే అత్త కర్రతో ఏరి కాల్చేసింది. ఆ రోజంతా కొండ వైపే చూస్తూ కూర్చుంది.

మొదటి వాన రోహిణిలోనే పడింది. సన్నటి వాన కాదు, కొండంతా ఒకేసారి కడిగేసినట్టు పడింది. దారులు జారిపోయాయి, రెండు గుడారాలు కూలిపోయాయి. వాన వెలిశాక గాయత్రికి చీర పట్టుకున్నాను. ఆమె చాలాసేపు లేవలేదు. కడుపు పట్టేసిందని వంగిపోయి ఉంది. లేచాక నా చెయ్యి పట్టుకుని, మైకు మీద రెండో చెయ్యి మూసి, నా పేరు పెట్టి చిన్న గొంతుతో అడిగింది.

“బేబీ, మీ ఊరివాళ్లు తాగే నీళ్లు ఎక్కడివి?”

“ఈ కింద ఊటవేనమ్మా.”

“నిన్నటిదాకా ఎండిపోయి ఉన్న ఆ వాగు ఉంది చూడు, బండల మధ్యన. అది ఎటు దిగుతుంది?”

“ఊట పక్కకే. ఎందుకమ్మా?”

ఆమె అటు వేలు చూపించింది. “తువ్వాలు మొహానికి చుట్టుకుని ఒకతను బకెట్లు తెచ్చి అందులో పోస్తున్నాడు. నిన్న కూడా చూశాను, మొన్న కూడా.”

మేం గెడ్డ అనే ఆ వాగు దాకా నేను వెళ్లాను. వాన నీళ్లు బండల మధ్యనుంచి ఇంకా పారుతున్నాయి. పారుతూ పారుతూ చెట్ల కిందుగా ఊట వైపు తిరుగుతున్నాయి. వాసన కంటే ముందు ఈగలు కనిపించాయి. ఇంక అక్కడ నిలబడలేదు.

ఇంటికి వచ్చేసరికి బుధు నాకంటే ముందు వచ్చి ఉన్నాడు. భుజం మీంచి సీసాల నీళ్ల పెట్టె దించుతున్నాడు, క్యాంపులో వాళ్లు తాగే నీళ్లు. వెన్నెల గట్టు మీద కూర్చుని గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. బుధు వంగి, దాని చేతిలోంచి గ్లాసు తీసుకుని, నీళ్లు వాకిట్లో పారబోశాడు. ఒక సీసా మూత తిప్పి గ్లాసు నింపి ఇచ్చాడు. నాలుగైదు వారాల తర్వాత దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

“కుళాయి నీల్లు ఒద్దు,” అన్నాడు నాతో. “అమ్మకి కూడా ఇవే ఇయ్యి.”

“ఏటి, ఏల ఒద్దు?”

“ఒద్దన్నాను కదా.”

ఆయన భుజం మీద తువ్వాలు ఉంది. నేను దాని వైపు చూశాను. నేను చూడటం ఆయన చూశాడు.

“గోతులు నిండిపోనాయి,” అన్నాడు. “కొత్తవి తవ్వుదామంతే బండ. ఆల్లిద్దరూ ఎల్లిపోనారు. నువ్వే కదా పూచీ పడ్డావు, నువ్వే సూసుకోవాలన్నాడు సారు. అవతలకి మోత్తే దారి సాలా దూరం. గెడ్డలో పొయ్యి, వానొత్తే కొట్టుకుపోద్ది అన్నాడు.”

“కొట్టుకుపోయి ఎక్కడికొత్తాది?”

బుధు సీసాలు ఒక్కొక్కటే తీసి గోడవారన నిలబెట్టాడు. ముప్ఫై ఇళ్లున్న ఊళ్లో మా ఒక్క ఇంటికి సరిపడా సీసాలు.

మర్నాడు తెల్లారుతూనే నేను కుళాయి దగ్గరికి వెళ్లాను. ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. మా పక్కింటి కనక చంకలో దాని పసిగుంట తల వాల్చేసి ఉంది.

“నిన్నటి నుంచి ఒకటే ఇరేసనాలు,” అంది కనక. “గంజి నీల్లు కూడా నిలవడం నేదు.”

నేను కుళాయి కట్టేశాను.

“ఈ నీల్లు ముట్టుకోకండి. పిల్లలకి పట్టకండి. పైన గెడ్డలో ఆల్ల బకెట్లు పోత్తన్నారు. వానకి అంతా ఊటలోకి దిగిపోనాది.”

అందరూ ఒక్కసారిగా అరిచారు. ఎవరు పోస్తున్నారు, నీకెవరు చెప్పారు, అవతల పక్క గోతులన్నారు కదా, మీ ఆయనే పూచీ పడ్డాడు కదా. కనక మాత్రం అరవలేదు. పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుని నా మొహంలోకి చూసింది.

“పోసిందెవులు, బేబీ?”

నేను తల తిప్పాను. మా ఇల్లు కుళాయికి ఎదురుగానే ఉంది. బుధు గుమ్మం పక్క స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. టోపీ లేదు. వాళ్లందరూ నా చూపు వెంట తిరిగి ఆయన్ని చూశారు.

అప్పుడు అత్త వచ్చింది. ఇంట్లోంచి నీళ్లు తాగే ఆనపబుర్ర పట్టుకుని, కొడుకు పక్కనుంచే దిగి, ఆడవాళ్ల మధ్యకి నడిచింది.

“నా కొడుకా? ఊరోల్లది కానిది, ఇంటోల్లది కానిది, ఎవుల్దో ఎత్తి పోసాడా నా కొడుకు? ఏ నోటితో అంతన్నారే?” అని ఒక్కొక్కరి మొహం చూసింది. నా మొహం కూడా చూసింది. “ఆడు నాకు మాటిచ్చాడు.”

కుళాయి తిప్పి బుర్ర నింపింది.

“అత్తా, ఒద్దు,” అన్నాను. చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది.

ఎత్తి తాగింది. గొంతు కదులుతుండగా నేను బుధు వైపు చూశాను. ఆయన స్తంభం వదిలి ఒక అడుగు వేశాడు. నోరు కొంచెం తెరిచాడు. ఒక్క మాట అంటే చాలు. ఆవిడ బుర్ర అడుగుదాకా తాగి, తిరగేసి, అందరికీ చూపించింది. ఆయన మళ్లీ స్తంభం దగ్గరికి జరిగిపోయాడు.

ఆడవాళ్లు కొందరు బిందెలు నింపుకున్నారు. కొందరు ఖాళీ బిందెలతో ఇంటికి వెళ్లారు. నేను ఇంట్లో ఉన్న సీసాలన్నీ తీసుకెళ్లి పసిపిల్లలున్న ఇళ్లకి ఇచ్చాను. అవి ఆ ఒక్క పూటకే సరిపోయాయి.

అక్కణ్ణించి అంతా తొందర తొందరగా జరిగిపోయింది. కనక పిల్ల మర్నాడు పొద్దుటికి పోయింది. ఊళ్లో ఇంటింటా ఎవరో ఒకరు మంచం పట్టారు. నేను జి.మాడుగుల వెళ్లి నర్సమ్మ గంగాభవానికి చెబితే, ఆవిడ ఆ సాయంత్రానికే ఇద్దరు సాయం మనుషులతో కొండెక్కి వచ్చింది. బడిలో బల్లలు కలిపి పడకలు వేసింది. వాసాలకి తాళ్లు కట్టి సెలైన్లు వేలాడదీసింది. కుళాయికి తాళం వేయించి, పక్క కొండ గెడ్డ నుంచి నీళ్లు తెప్పించి, మరగబెట్టి మందు పొడి కలిపి ఇమ్మంది.

పైన క్యాంపు కూడా నిలవలేదు. అక్కడా కొందరికి పట్టుకుంది. గాయత్రిని జీపులో పడుకోబెట్టి తీసుకుపోయారని విన్నాను. వర్షం వల్ల షూటింగు ఆపేస్తున్నాం అన్నాడట దేవీప్రసాద్. జీపులు కాఫీ తోటల రోడ్డున వరసగా దిగిపోయాయి. పచ్చ గుడ్డ గదులు మాత్రం ఒగ్గేసి పోయారు. ఊళ్లో మగవాళ్లు వెళ్లి వాటిని కూల్చి తగలబెట్టారు.

అత్తని బడికి మోసుకెళ్లేసరికి ఆవిడ కళ్లు లోపలికి పోయాయి. చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలిచిపోతోంది. నరం దొరక్క గంగాభవాని రెండు చేతులూ వెతికింది.

“ఇంత వయసులో ఇంత నీరు పోతే కష్టమమ్మా,” అంది నాతో. “నోటితో ఎంత తాగితే అంత మంచిది. తాగించు.”

అత్త తాగలేదు. పెదాలు బిగించేసింది. నేను చెంచాతో పోస్తే పక్కనుంచి కారిపోయేది.

బుధు బడికి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. పార పట్టుకుని వచ్చి, ఊరి దిగువన రెండు నిలువు గోతులు తవ్వాడు. ఆ తర్వాత పడకల కింద బకెట్లు ఎత్తడం మొదలుపెట్టాడు. తువ్వాలు మొహానికి కట్టుకోలేదు. బల్లల మధ్యనుంచి బకెట్టు పట్టుకుని వెళ్లేవాడు, ఖాళీ చేసి బూడిద చల్లి తెచ్చి పెట్టేవాడు. జనం ఆయన వచ్చినప్పుడు మొహాలు గోడ వైపు తిప్పుకునేవారు. కనక ఇంటాయన కూడా ఆ బడిలోనే పడుకున్నాడు. అతని బకెట్టు కూడా బుధే ఎత్తాడు. అతను కళ్లు మూసుకోలేదు, ఎత్తుతున్నంతసేపూ చూస్తూనే ఉన్నాడు.

అత్త బకెట్టు దగ్గరికి మాత్రం అందరికంటే చివర వచ్చాడు. వంగి తీసుకుని రెండడుగులు వేశాడు.

“ఒరే బుధూ,” అంది అత్త. ఆవిడ గొంతు విని చాలాసేపయింది. “ఎక్కడ పోత్తన్నావు అది?”

గోడ వైపు తిరిగినవాళ్లు ఇటు తిరిగారు.

“గోతిలో పోత్తన్నానమ్మా.”

“ఎగువనా, దిగువనా?”

బుధు బకెట్టు కింద పెట్టాడు. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను, గొంతు రాకుండా, ఒళ్లంతా ఊగిపోతూ.

“దిగువనేనమ్మా,” అన్నాడు చివరికి. “నానే తవ్వాను. దిగువనే.”

అత్త కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి మళ్లీ పెదాలు కదిలాయి.

“పోసేసి, సెయ్యి కడుక్కుని, బేగి రా. దాహమేత్తంది.”

ఆయన వెళ్లి వచ్చాడు. మోచేతుల దాకా తోముకుని వచ్చాడు, చేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. నేను మరిగించిన నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాను. తల్లి మెడ కింద చెయ్యి వేసి ఎత్తి, గ్లాసు ఆమె పెదాల దగ్గర పెట్టాడు. నేను చెంచాతో పోస్తే కారిపోయిన నోరు, ఆయన చేతిలో గ్లాసుకి తెరుచుకుంది. సగం దాకా తాగింది.

మర్నాడు మధ్యాహ్నం పోయింది.

ఊరి పెద్దలు కూర్చున్నారు. బుధు వాళ్ల ముందు జరిగిందంతా, ఎవరి పేరూ దాచకుండా, తన పేరుతో మొదలుపెట్టి చెప్పాడు. తప్పు డబ్బు వెయ్యాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకుని, తల్లి పోయిన మనిషికి ఏం వేస్తామని లేచిపోయారు. మగవాళ్లందరూ కలిసి తొట్టి కడిగారు. ఊట పక్క మట్టి మోకాలి లోతున తీసేశారు. వానలు నిండుగా పడ్డాక, నర్సమ్మ నీళ్లు పట్టించి పరీక్షకి పంపించి, బాగున్నాయని తేలాకే తాళం తీసింది.

కుళాయి మళ్లీ వదిలిన పొద్దున ఆడవాళ్లు వచ్చారు కాని ఎవరూ బిందె పెట్టలేదు. నీళ్లు ఊరికే పోతున్నాయి. బుధు ఇంట్లోంచి చూస్తున్నాడు. బయటికి రమ్మన్నాను, రాలేదు. నేనే వెళ్లి బిందె పెట్టాను. నా వెనక కనక వచ్చి నిలబడింది. ఆ రోజు కుళాయి దగ్గర అడిగిన తర్వాత అది నాతో మాట్లాడలేదు.

నా బిందె నిండింది. తీసి పక్కన పెట్టాను. కనక తన బిందె కుళాయి కింద పెట్టి, నిండేదాకా నీళ్లవైపే చూస్తూ నిలబడింది. తలకెత్తుకోడానికి వంగినప్పుడు, అలవాటు చొప్పున ఎడమ చెయ్యి చంక కిందికి పోయింది, పిల్లని సర్దుకోడానికి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను బిందె అందుకుని దాని తల మీదికి ఎత్తాను. వద్దనలేదు. మా ఇంటి వైపు చూడకుండా, చుట్టూ తిరిగి వెళ్లే దారిన వెళ్లిపోయింది.